పిన్ని చేత్తోనే ఇప్పించు

దరియాలతిప్ప,
మే 4.

బుజ్జీ,

నిన్న రాత్రి తమ్ముడు ఫోన్ చేసి సంగతులన్నీ చెప్పాడు. మీ అమ్మను, నా పిన్నిని, కాకినాడ ఫ్లాటుకు తీసుకెళ్తున్నందుకు నాకు సంతోషమే. ఆ మోకాళ్లతో ఇక్కడ ఒంటరిగా నెట్టుకురావడం ఇక ఆవిడ వల్ల కాదు. రాత్రిపూట కరెంటు పోతే మంచినీళ్ల బిందె దాకా వెళ్లడానికి కూడా భయపడుతోంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ వాడు చెప్పిన రెండో మాట నాకు నచ్చలేదు. పిన్నిని ముందు కాకినాడలో దింపేసి, ఆ తర్వాత మీరిద్దరూ వచ్చి, ట్రాక్టరు మాట్లాడి, శని ఆదివారాల్లో ఇల్లు ఖాళీ చేసేస్తారట. "అమ్మ ఉంటే ఒక్క డబ్బా గడప దాటదక్కా" అన్నాడు. నిజమే, ఆవిడ ఉంటే ఆలస్యమవుతుంది. అయినా ఆవిడ ఉండాల్సిందే. ఫోన్లో చెబితే వాదన అవుతుంది కనుక ఉత్తరం రాస్తున్నాను. తమ్ముడికి కూడా చదివి వినిపించు.

ఆ ఇంట్లో అంత సామాను ఎందుకు పేరుకుందో ముందు తెలుసుకోవాలి. యానాంలో మన ఊరు గౌతమి ఒడ్డున ఉంది, చుట్టూ మడ అడవి, కాస్త దిగువన సముద్రం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మీరిద్దరూ పసివాళ్లు, మీకు గుర్తుండదు. పదేళ్లకు, 1996 నవంబరు 6 రాత్రి తుపాను. దిగువ లంకల్లో ఎందరు వేటగాళ్లు తిరిగి రాలేదో మన వీధిలో ఏ ముసలివాళ్లను అడిగినా చెబుతారు. 2022 జూలై వరదలో యానాం కాలనీలు ఎలా మునిగాయో నువ్వు టీవీలో చూసి ఏడ్చావు. నీళ్లు తీశాక ప్రతిసారీ ఆ ఇల్లు కడిగింది పిన్ని. ఏ వస్తువు పోతే మళ్లీ కొనడానికి ఎన్ని నెలలు పట్టిందో ఆవిడకు తెలుసు. అందుకే రెండేసి దాచింది. లాంతర్లు రెండు, కిరోసిన్ స్టవ్వులు రెండు, అటక మీద ఒక జత, కింద ఒక జత. నీకు పాత సామానులా కనిపించేది ఆవిడకు వరద వచ్చిన మర్నాటి వంట. ఎదుర్లంక వంతెన రాక ముందు అవతలికి వెళ్లాలంటే పంటు ఎక్కాల్సిన రోజులవి. మంగళవారం సంతలో తెచ్చుకున్నదే వారం పొడుగునా వాడుకోవాలి. అలా బతికిన మనిషిని "ఇదంతా ఎందుకమ్మా" అని అడగడానికి ముందు కాస్త ఆగాలి.

మంచం కింద అట్టపెట్టెల్లో టైల్స్ ఉన్నాయి చూశావా? వంటగదికి వేయించగా మిగిలిన రీజెన్సీ టైల్స్ అవి. 2012 జనవరి గొడవల్లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. నేల మీద ఒక్కటి పగిలినా అదే డిజైను ఇంక దొరకదని దాచింది. ఆ లెక్క సరైనదే. ఇల్లు ఎవరికి అద్దెకిచ్చినా ఆ పెట్టెలు ఇంట్లోనే ఉండనివ్వండి.

ఇక్కడే, మూడు వీధుల అవతల, ఒకావిడ ఆసుపత్రిలో ఉండగా కొడుకులు ఇల్లంతా సర్దేశారు. మంచి మనసుతోనే చేశారు, సున్నాలు కూడా వేయించారు. ఆవిడ తిరిగి వచ్చి రోలు ఏదని అడిగింది. తర్వాత కత్తిపీట ఏదని అడిగింది. ఆ తర్వాత ఏమీ అడగడం మానేసింది. వచ్చిన వాళ్లతో మాత్రం "ఇది మా అబ్బాయి వాళ్ల ఇల్లు" అంటుంది. నలభై ఏళ్లు తను ఏలిన ఇల్లు అది! పిన్ని నోట ఆ మాట నేను వినలేను.

కాబట్టి పిన్ని ఇక్కడ ఉండగానే రండి. జూన్ 14 లోపు రండి. ఏప్రిల్ 15 నుంచి అప్పటి దాకా సముద్రం మీద వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి, మగవాళ్లంతా ఇళ్ల దగ్గరే ఉన్నారు. భోషాణం దించాలన్నా, గంగాళం మోయాలన్నా అడిగితే పది మంది వస్తారు. నిషేధం ఎత్తేశాక ఒక్కడు దొరకడు. ఎండ కూడా ఉంది. ట్రంకు పెట్టెల్లో బట్టలూ కాగితాలూ ఆరబెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఆషాఢం వస్తుంది, పిన్ని గడప దాటనంటుంది. ఆ వెనకే ఎర్రనీరు, పులసలు, వరద భయం. అప్పుడు ఇల్లు కదిలించడం ఎవరి తరమూ కాదు.

రోజంతా చేయకండి. ఉదయం ఎండ ఎక్కకముందు ఒక గది, లేదా ఒక బీరువా. పిన్నిని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి వస్తువులు ఆవిడ దగ్గరికి తీసుకెళ్లండి. భోజనం అయ్యాక ఆపేయండి. మధ్యాహ్నం నిద్ర తప్పితే ఆవిడ ప్రతిదానికీ వద్దంటుంది.

మొదట కాగితాలు. నువ్వు వచ్చేదాకా ఒక్క కాగితం బయటకు పోనివ్వద్దని తమ్ముడికి గట్టిగా చెప్పు. పాత పత్రికల మధ్య, దిండు గలీబుల్లో, దేవుడి పటాల వెనక కూడా చూడాలి. ఇంటి పట్టా, పన్ను రసీదులు, బాబాయి మరణ ధ్రువపత్రం, పోస్టాఫీసు పుస్తకాలు, ఎల్‌ఐసీ బాండ్లు, బాబాయి మత్స్యకారుల కార్డు. నాయనమ్మ పెట్టెలో ఫ్రెంచిలో ఉన్న కాగితాలు కొన్ని కనిపిస్తాయి. చదవడం రాదని వాటిని పారేసే వాళ్లను చూశాను. 1954కు ముందు, ఫ్రెంచి పాలనలో, యానాంలో పుట్టుక, పెళ్లి, చావు ఫ్రెంచిలో నమోదయ్యేవి. 1962 ఆగస్టు 16న భారత్‌లో విలీనం చట్టపరంగా పూర్తయినప్పుడు, ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకోదలచిన వాళ్లకు ఆరు నెలల గడువిచ్చారు. మన ఇంట్లో ఎవరూ ఎంచుకోలేదనే విన్నాను. అయినా ఆ కాగితాలు మన వంశానికి ఉన్న ఏకైక లిఖిత సాక్ష్యం. ఫ్రాన్సులో ఎక్స్-అన్-ప్రొవాన్స్ ఊళ్లో వాళ్ల వలస పాలన నాటి రికార్డుల భాండాగారం ఉంది. పాత ఫ్రెంచి ఇండియా నమోదు పుస్తకాలు అక్కడ భద్రపరిచారు, కొన్నిటిని ఆన్‌లైన్లో కూడా పెట్టారు. అంత దూరాన వాళ్లు దాచారు, మన పెట్టెలో ఉన్నవి మనం దాచలేమా? మడతలు బలవంతంగా విప్పకు. ఒక్కోదాన్ని చదునుగా పరిచి ఫొటో తీసి, కాగితం కవరులో పెట్టు. ప్లాస్టిక్ కవరులో పెడితే ఇక్కడి తేమకు బూజు పడుతుంది. లామినేషన్ అసలు చేయించకు.

పిన్నికి వచ్చే పింఛను, రేషన్ కార్డు రెండూ పుదుచ్చేరి ప్రభుత్వానివి. పుదుచ్చేరి మనకు ఎనిమిది వందల కిలోమీటర్ల పైన, కాకినాడ ముప్పై కిలోమీటర్లే. అయినా కాకినాడ వేరే రాష్ట్రంలో ఉంది. ఆధార్‌లో చిరునామా మార్చే ముందు యానాం అడ్మినిస్ట్రేటర్ ఆఫీసులో అడిగి, ఏది ఉంటుంది, ఏది పోతుంది తేల్చుకోండి. ఆ పింఛను ఎంత చిన్నదైనా ఆవిడ సొంత డబ్బు. మనవలకు చాక్లెట్లు కొనేది దాంతోనే.

డబ్బు మాట వచ్చింది కనుక చెబుతున్నాను. బియ్యం డబ్బా, పోపుల పెట్టె, పాత చేతి సంచులు, చీర మడతలు, అన్నీ వేళ్లు పెట్టి చూడండి. రెండు వేల నోట్లు దొరికితే కంగారు పడొద్దు. మామూలు బ్యాంకుల్లో తీసుకోరు గానీ రిజర్వు బ్యాంకు కార్యాలయాల్లో మారుస్తారు, హైదరాబాదులో ఒకటి ఉంది, నువ్వే తీసుకెళ్లు. 2016లో రద్దయిన పాత నోట్లు దొరికితే వాటికి విలువ లేదు. పదికి మించి ఉంచుకోవడం 2017 చట్టం ప్రకారం నేరం కూడా. ఆ మాట పిన్నికి మెల్లగా చెప్పు, ఎందుకంటే ఆ నోట్లు ఆవిడ చేపలమ్మి దాచినవై ఉంటాయి. బాబాయి పేర ఏదైనా పాత బ్యాంకు పుస్తకం కనబడితే "ఎప్పుడో పోయింది" అని వదిలేయకండి. పదేళ్లు కదలని డిపాజిట్ రిజర్వు బ్యాంకు నిధికి మళ్లుతుంది, అంతేగాని వారసుల హక్కు పోదు. 2023లో తెచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరు పెట్టి వెతకొచ్చు. అందులో దొరికితే ఆ బ్యాంకుకే వెళ్లి అడగాలి.

ఇక సామాను. ఈ ఉత్తరం అసలు రాస్తున్నది దీని కోసమే.

వంటింట్లో పై అలమరలో స్టీలు సామాను ఉంది కదా, ఒకదానిలో ఒకటి దూర్చి, పైకప్పు దాకా. ఒక పళ్లెం తీసి వెలుతురులో తిప్పి చూడు. అంచు మీద చిన్న చిన్న చుక్కలతో పేరు చెక్కి ఉంటుంది. ఎవరిచ్చారు, ఎవరి పెళ్లికి ఇచ్చారు, ఏ తారీఖున ఇచ్చారు, అన్నీ. మా అమ్మ సామాను సర్దినప్పుడు నేను తోముతూ ఒక్కోటి చదివాను, అమ్మ ఒక్కోదాని కథ చెప్పింది. ఈ గిన్నె ఇచ్చినావిడ కూతురి పురుటికి అమ్మ వెళ్లిందట. ఈ చెంబు ఇచ్చినాయన తర్వాత మనతో మాటలు మానేశాడట, కానీ చెంబు మాత్రం రోజూ వాడారు. అలా చదివాక అమ్మే అంది, "ఈ పళ్లెం ఇచ్చినావిడ మనవరాలికే ఇచ్చెయ్యి, అవ్వ పేరుంది." ఆ పిల్ల ఇప్పుడు ఫరంపేటలో ఉంది. పళ్లెం తీసుకెళ్లి ఇస్తే, పేరు చదివి, దాన్ని గుండెలకు హత్తుకుంది. తూకానికి అమ్మితే ఆ పళ్లానికి ఎంతొచ్చేది?

పిన్ని దగ్గర కూడా అలాగే చేయండి. "ఏది పారేద్దాం" అని అడగొద్దు. "ఇది ఎవరికిద్దాం" అని అడగండి. మొదటి ప్రశ్నకు ఆవిడ దగ్గర జవాబు ఉండదు, రెండో ప్రశ్నకు వెంటనే పేరు చెబుతుంది. జీవితమంతా పెట్టిన చెయ్యి అది. వేటకు వెళ్లిన వాళ్లు ఆలస్యమైతే వాళ్ల పిల్లలకు అన్నం పెట్టింది, పురుళ్లకు పథ్యం వండి పంపింది. ఇప్పుడు ఆ చేతిలోంచి వస్తువులు లాక్కుంటే ముసలితనం వచ్చిందని ఆవిడకు మనమే చెప్పినట్టు. అదే ఆ చేత్తో ఇప్పిస్తే ఇల్లు ఖాళీ అవుతుంది, ఆవిడ పెద్దరికం ఆవిడకు ఉంటుంది. నాకు తెలిసిన ఉపాయం ఇదొక్కటే. మిగతావన్నీ దీని కోసమే.

బీరువాలో రవిక ముక్కలు ఎన్ని ఉన్నాయో చూస్తే నీకు గుండె తరుక్కుపోతుంది. బాబాయి పోయాక పిన్ని పేరంటాలకు వెళ్లడం మానేసింది, తను పిలవడమూ మానేసింది. అంతకుముందు వచ్చినవన్నీ అలా ఉండిపోయాయి. ఒకరింట తీసుకున్న గుడ్డ ఇంకొకరికి పెట్టాలి, అలా తిరుగుతూ ఉండాల్సినవి ఆగిపోయాయి. భర్త పోయిన ఆడదాని చేతి బొట్టు, గుడ్డ మంచిది కాదనే ఆచారం మీద నాకు గౌరవం లేదు, ఎప్పుడూ లేదు. ఎవరైనా ముఖం చిట్లిస్తారని అనిపిస్తే బొట్టు నువ్వు పెట్టు, గుడ్డ మాత్రం పిన్ని చేత ఇప్పించు. వెళ్లే ముందు రోజు సాయంత్రం వీధిలో ఆడవాళ్లందర్నీ పిలుద్దాం. పిలుపులకు నేను వెళ్తాను. రవిక గుడ్డ, అరటిపండు, ఇష్టమైతే ఒక స్టీలు గ్లాసు. నలభై ఇళ్లయినా పరవాలేదు, గ్లాసులు సరిపోతాయి. పాత నూలు చీరలు బొంతలు కుట్టే వాళ్లకు ఇచ్చి, ఒక బొంత ఆవిడ మంచానికి కుట్టించండి. మిగతావి వాళ్లకే వదిలేయండి.

ఇత్తడి, కంచు సామాను తొందరపడి పాత సామాను వాళ్లకు వేయకండి. కంచుకు ఇత్తడి కంటే ఎక్కువ ధర పలుకుతుంది, రెండూ కలిపి తూచనివ్వద్దు. గంగాళం గుడికి ఇద్దామంటుంది పిన్ని, జాతరకు వండటానికి పనికొస్తుంది. ఇవ్వనివ్వండి.

బాబాయి వలలు వెనక పాకలో ఉన్నాయి. అక్కడికి ముందు తమ్ముడినే పంపు, చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు వేసుకుని, కర్రతో కదిపి, అప్పుడు ముట్టుకోమను. వల కుప్పలో పాములు చుట్టుకుని ఉంటాయి. బాగున్న వలలు, గుండ్లు, బెండ్లు, లంగరు తాళ్లు వేటకు వెళ్లే కుర్రాళ్లకు ఇవ్వండి, పండగలా తీసుకుంటారు. చివికిపోయిన నైలాన్ వల ఏటిలో పడేయకండి, తగలబెట్టకండి. కోరింగ మడ అడవిలో నీటికుక్కలు, బావురుపిల్లులు తిరుగుతాయి, ఈ తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పారేసిన వల మనిషి లేకపోయినా వేటాడుతూనే ఉంటుంది. ముక్కలు కోసి మూట కట్టి మున్సిపాలిటీ బండికి ఇవ్వండి. ఒక విసురు వల మాత్రం ఉంచండి. దాని చిరుగులు పిన్ని చేత్తో కట్టినవి. వెదురు సూదితో ఆ కళ్లు ఎలా వేసిందో, నీ కొడుకును పక్కన కూర్చోబెట్టి చూపించమను.

స్వీడన్‌లో మార్గరెటా మాగ్నుసన్ అనే పెద్దావిడ 2017లో ఒక పుస్తకం రాసింది. ముసలివాళ్లు తాము ఉండగానే తమ సామాను తామే తేల్చుకోవడం గురించి. పిల్లల మీద ఆ భారం వదలొద్దంటుంది. నాకు నచ్చిన మాట ఒకటుంది అందులో: ఫొటోలు, ఉత్తరాలు చివరికి వదిలెయ్యమంటుంది, ముందు వాటితో మొదలెడితే అక్కడే ఆగిపోతామని. అది మాత్రం అక్షరాలా నిజం. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను పీకకు, అద్దంతో సహా ఫొటో తీయించు. వెనకాల పేర్లు పెన్సిలుతో రాయి, ఆ పేర్లు చెప్పగలిగేది ఇప్పుడు పిన్ని ఒక్కతే. కాకినాడలో కుదురుకున్నాక, తీరిక సాయంత్రాల్లో ఈ పని చేసుకోవచ్చు, ఫోన్లో ఆవిడ గొంతు రికార్డు చేస్తూ.

అడగకుండా తీసేయాల్సినవీ ఉన్నాయి. గడువు దాటిన మందులు, ఉబ్బిన డబ్బాలు, చీమలు పట్టిన పొడులు, వైర్లు తేలిన ఇస్త్రీ పెట్టె. వీటి మీద చర్చ వద్దు. కలరా ఉండలు ఉన్న పెట్టెలు, గది తలుపులు తీసి గాలి ఆడేలా ఉంచాక తెరవండి, పిన్నికి ఆయాసం ఉంది.

కాకినాడకు తీసుకెళ్లేవి ఆవిడనే చెప్పమను. మంచం లిఫ్టులో పడుతుందో లేదో కొలిచి చూడండి, పడకపోతే విప్పించి బిగించండి, కొత్తది కొనొద్దు. కత్తిపీట, చిన్న రోలు, ఆవకాయ జాడీ, దేవుడి గూడు వెళ్లాల్సిందే. విప్పే ముందు వంటింటి అలమరను, దేవుడి గూడును ఫొటో తీసి, అక్కడ అదే వరసలో సర్దండి. రాత్రి లేస్తే ఆవిడ చెయ్యి అలవాటు ప్రకారం వెళ్లిన చోటే లైటు స్విచ్చు ఉండాలి. మంచం తలాపు ఏ దిక్కున ఉందో అక్కడా అటే పెట్టండి. జారే చాపలు, పట్టాలు కింద పరచకండి.

బంగారం మాట ఈ పనిలో కలపొద్దు. అది వేరే రోజు, తమ్ముడూ మరదలూ నువ్వూ ముగ్గురూ కూర్చుని, పిన్ని నోటి మాటగా. ఇల్లు అమ్మే మాట ఈ ఏడాది ఎత్తనే వద్దు. తాళం ఒకటి నా దగ్గర పెట్టండి. వారానికోసారి తలుపులు తీసి ఊడుస్తాను. పిన్నికి ఊరి మీద బెంగ పుడితే ఆదివారం తీసుకురండి, ముప్పై కిలోమీటర్లే కదా.

పిన్ని ఎదుట "చెత్త" అనే మాట వాడకండి. తమ్ముడికి అది నోటి అలవాటు, నువ్వే ముందుగా చెప్పు. ఆవిడ ఒక వస్తువు దగ్గర ఆగి కథ చెబుతుంటే గడియారం చూసుకోకండి. మీకు సెలవు దొరకడం ఎంత కష్టమో తెలుసు, అయినా ఒక్కసారికి కాకుండా రెండు మూడు విడతలుగా రండి. నేను ఇక్కడే ఉన్నాను, మధ్యలో మిగిలినది నేనూ పిన్నీ చేసుకుంటాం.

ట్రాక్టరుకు ఇంకా బయానా ఇవ్వకపోతే ఇవ్వొద్దు. ముందు ఈ ఉత్తరం అందగానే మీ అమ్మకు ఫోన్ చేసి, "ఎప్పుడు మొదలెడదామమ్మా, నువ్వు చెప్పు" అని అడుగు. ఆవిడ చెప్పిన రోజునే రండి.

ఇట్లు,
మీ అక్క